దొరసాని వాంగ్మూలం

పరుపుల తాత నోరు తెరిస్తే నిజం గుమ్మం దాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోతుందని ఆ వసతి గృహంలో అందరూ అనేవారు. తాతకి అది మెచ్చుకోలులాగే వినిపించేది. పరాయి దేశంలో పనికి పెడితే అక్కడివాళ్లు పట్టుకుని తిప్పి పంపిన పిల్లల్ని, అయినవాళ్లకి అప్పజెప్పేదాకా ఉంచే ఇల్లు అది. పరుపులన్నీ గట్టిపడి చెక్కల్లా అయ్యాయనీ, వచ్చే వారం సరిహద్దు దాటి ఇంకో జట్టు పిల్లలు వస్తున్నారనీ, ఈలోగా విప్పి కుట్టాలనీ వార్డెనమ్మ కబురు పెడితే, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని దిగాడు. పనికి వెనక వరండా ఇచ్చారు. వార్డెనమ్మ గది కిటికీ ఆ వరండాలోకే తెరుచుకుంటుంది.

మొదటి పరుపు అంచు కుట్టు కత్తితో కోసి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గడ్డలు కట్టిన దూదిని బయటికి లాగుతున్నాడు తాత. పిల్లలు చుట్టూ మూగారు. ఒక పిల్ల మాత్రం స్తంభానికి ఆనుకుని దూరంగా నిలబడింది. తొమ్మిదో పదో ఏళ్లుంటాయి. పేలున్నాయని పొట్టిగా కత్తిరించారు కాబోలు, జుట్టు చెవుల మీద నిక్కబొడుచుకుని ఉంది.

"అది పలకదు తాతా," అంది ఆయా, చీపురుతో అటు పోతూ. "నాలుగైదేళ్లప్పుడే తీసుకుపోయారట. ఆ దేశం మాటలే వస్తాయి. మనం చెప్పింది అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పడం రాదు."

"ఓహో, దొరసాని అన్నమాట! మనలాంటి వాళ్లతో మాట్లాడితే ఆవిడ పరువేం కాను?" అన్నాడు తాత. పిల్ల ఓరగా చూసింది. ఆ చూపు అతనికి చాలు. దూది గడ్డని దులిపి పక్కన పడేసి, ఎవరికో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"ఇదీ ఒక దూదేనా? వెనకటికి ఒక షావుకారు పరుపు కుట్టమన్నాడు. దూది చాల్లేదు. ఏం చెయ్యను? ఎదురుగా కొండ మీద ఓ మేఘం ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. మెల్లగా వెళ్లి చెవి పట్టుకుని లాక్కొచ్చి, గవుసెనలో కుక్కి కుట్టేశాను. తెల్లారి చూస్తే షావుకారు మంచం మీద లేడు. పరుపుతో సహా ఇంటి కప్పుకి అంటుకుని ఉన్నాడు! కిందికి దించడానికి కాళ్లకి రుబ్బురోలు కట్టాల్సొచ్చింది."

పిల్లలు గొల్లుమన్నారు. తాత నవ్వలేదు. నవ్వితే కథ పాడవుతుంది.

"అంతటితో అయిందా? వానాకాలం వచ్చింది. మేఘం దాని పని అది మొదలెట్టింది. పొద్దున్నే పరుపంతా తడి. షావుకారు పెళ్లాం ఆయన్ని పట్టుకుని, ఈ వయసులో ఇదేం అలవాటండీ అని చీవాట్లు పెడుతోంది!"

"అబద్ధం," అంది స్తంభం దగ్గరి పిల్ల.

ఆయా చీపురు ఆగిపోయింది. తాత చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"విన్నారా? దొరసానికి మాటొచ్చింది! వచ్చీ రాగానే మొదటి మాటకి నన్నే తిట్టింది!"

పిల్ల మూతి బిగించుకుంది. కానీ నవ్వు మూతి మీద కాక ముక్కులోంచి వచ్చేసింది.

*

మర్నాటికి దొరసాని వరండాలో ఉద్యోగస్తురాలైంది. తాత గడ్డలు లాగి పోగేస్తే, ఆమె ఒక్కో గడ్డా చేతిలోకి తీసుకుని విప్పేది. అది విప్పే తీరు తాత ఇంతకుముందు ఎక్కడా చూడలేదు. గడ్డ ఒక కొస తుంచి, వీపు మీద బొటనవేలితో నొక్కి చీల్చి, రెండో కొస పట్టుకుని ఒక్క ఊపున లాగేసేది. తుంచడం, చీల్చడం, లాగడం. చూపు చేతుల మీద ఉండేది కాదు. చేతులు వాటంతట అవే పోయేవి. నలకలూ గింజలూ ఎడమ పక్కకి, దూది కుడి పక్కకి.

"ఏం పనే అది? ఎవరు నేర్పారు?"

"రొయ్యి," అంది. ఒక్కో మాటా ఎక్కడో పోగొట్టుకున్న వస్తువులా వెతికి తెచ్చేది. "రొయ్యి... తోలు తీసేది."

"ఒలిచేది," అని సరిదిద్దాడు. "ఎంతుంటుందేం మీ దేశం రొయ్య?"

ఆమె వేలు చూపించింది.

"ఇంతేనా! నేను చూసిన రొయ్య మీసాల మీద ఊరు ఊరంతా బట్టలు ఆరేసుకునేవాళ్లు. చెప్పు, ఇంకా?"

ఆమె ఆలోచించింది. "మా రొయ్యి... మీద నేను కూచున్నా."

"అలా చెప్పు! ఇంకా?"

"తోలింది. బడికి పోయింది."

"దొరసానీ, నా కడుపు మీద కొడుతున్నావే. రేపటినుంచి నువ్వు చెప్పు, నేను దూది విప్పుతా. ఇంకా?"

అదీ ఆట. తాత 'ఇంకా' అనడం, ఆమె ఇంకొక మెట్టు ఎక్కించడం. మాటలకి మాటలు తోడై, సాయంత్రానికి రెండు మూడు ముక్కలు కలిపి చెప్పే దాకా వచ్చింది. అతను విల్లు తాడు మీద కొయ్య గుండుతో కొడుతుంటే, దూది పింజలై లేచి ఆమె పొట్టి జుట్టులో వాలేది. తల విదిల్చుకునేది కాదు. కావాలనే ఉంచుకునేది.

"షెడ్డుకి తలుపు," అంది ఆమె. "గొళ్లెం బయట."

"ఇంకా?"

"మంచు. మంచులో రొయ్యి. మంచులో చెయ్యి. చెయ్యి కనపడదు."

"అయ్యో, ఎక్కడికి పోయిందేం? పెళ్లికి పోయిందా?"

"మంచు తినేసింది," అని నవ్వి, రెండు చేతులూ అతని ముందు చాచింది.

తాత నవ్వబోయి చూశాడు. వేళ్ల కొసలు నీళ్లలో నానిన కాగితంలా తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. రెండు వేళ్లకి గోళ్లు లేవు. ఉండాల్సిన చోట నున్నటి చర్మం. పొద్దున్నుంచీ ఆ చేతులు తన ముందే ఆడుతున్నాయి. అతను వాటి చురుకుదనం చూశాడు గానీ చేతుల్ని చూడలేదు.

విల్లు పక్కన పెట్టాడు.

"నిన్నక్కడికి ఎవరు పంపారమ్మా?" ఈసారి 'దొరసానీ' అనలేదు.

"బాబాయి. ఓడాయనకి ఇచ్చాడు." కొంచెం ఆగింది. అతని ముఖంలో ఏదో తక్కువైనట్టు అనిపించింది కాబోలు. "ఓడ... ఆకాశంలో పోయింది," అని చేర్చి, నవ్వుతాడేమోనని చూసింది.

*

పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలో తేల్చే మేడమ్ ఆ మర్నాడు వచ్చింది. మంచి మనిషే. వచ్చేటప్పుడు పిల్లలకి రబ్బరు బంతులు తెస్తుంది. కానీ ఆ రోజు ఆమె ముందు వరసగా చాలామంది పిల్లలున్నారు. ఆ దేశం మాట తెలిసిన మనిషి రావాల్సింది, రాలేదు. వార్డెనమ్మ గదిలో ఒక్కొక్కరినే పిలిచి అడుగుతోంది.

తాత కిటికీ కింద కూర్చుని దబ్బనంలో పురికొస ఎక్కిస్తున్నాడు. దొరసాని వంతు వచ్చింది.

"చెప్పమ్మా. నిన్ను అక్కడికి ఎవరు తీసుకెళ్లారు?"

"బాబాయి పంపాడు. ఓడాయనకి ఇచ్చాడు."

తాత ఊపిరి వదిలాడు. బాగా చెప్పింది. గట్టిగా, తప్పు లేకుండా.

మేడమ్ అంతకుముందు వచ్చిన పిల్లవాడి కాగితం ఇంకా పూర్తి చేస్తోంది. తల ఎత్తలేదు.

"ఊఁ. ఇంకా?"

దబ్బనం తాత వేలిలో దిగింది.

లోపల పిల్ల గొంతు హుషారెక్కింది.

"షెడ్డు సముద్రంలో ఉంది. అడుగున. తలుపు తీస్తే చేపలొస్తాయి."

కలం చప్పుడు ఆగింది. "అవునా! ఇంకా?"

"మంచు నా చేతులు తినేసింది. రొయ్యి మీద కూచుని పారిపోయా. బాబాయికి... బాబాయికి పది తలలు."

మేడమ్ నవ్వింది. వార్డెనమ్మా నవ్వింది. ఎగతాళిగా కాదు, ముద్దుగానే నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారని పిల్ల ఇంకా చెబుతోంది.

"బంగారుకొండ! నోరు ఎంత బాగా విప్పిందో చూశారా?" అంది మేడమ్. "కానీ ఇందులో ఏది పట్టుకుని కేసు రాయను? వాళ్ల బాబాయి వస్తానని కబురు పెట్టాడుగా. కన్నవాళ్లు లేరు, ఆయనే పెంచాడు. రానివ్వండి, అప్పజెప్పేద్దాం."

తాత వేలు నోట్లో పెట్టుకుని లేచాడు. ఆ గదిలోకి అతను ఎప్పుడూ అడుగు పెట్టలేదు. గడప దగ్గర దూది దులుపుకుని లోపలికి వెళ్లాడు. పిల్లని ఆయా బయటికి తీసుకుపోయింది. పోతూ పోతూ, బాగా చెప్పానా అన్నట్టు తాత చొక్కా పట్టుకుని లాగింది.

"ఏం తాతా? పరుపులు కుట్టడానికి వచ్చావా, కేసులు కుట్టడానికా?" అంది వార్డెనమ్మ.

"అమ్మా, ఆ షెడ్డు నిజం. గొళ్లెం నిజం. బాబాయి పంపింది నిజం. తక్కినదంతా నా పాపం. ఇంకా అంటే పెంచి చెప్పాలని ఆట నేర్పాను. తమరు ఇంకా అన్నారు. అది పెంచింది."

"మేడమ్, ఈయన మేఘంతో పరుపు కుట్టిన మనిషి," అంది వార్డెనమ్మ.

"అవునమ్మా, కుట్టాను. నా మాట నమ్మకండి. నమ్మమని ఎవరూ అడగరు కూడా. దాని చేతులు చూడండి."

మేడమ్ నవ్వు తగ్గింది. "చేతులు చూశాను తాతా. పని చేయించారని తెలుసు. చేయించింది అక్కడివాళ్లే, పంపింది బాబాయేనా అన్నదే తేలాలి. అది పిల్ల నోటి నుంచే రావాలి."

"అయితే మళ్లీ అడగండి. ఒక్కదాన్నే కూచోబెట్టి."

ఆమె కాసేపు కలం మూత తిప్పుతూ కూర్చుంది. "అడిగించుకోవడం దాని హక్కు. నువ్వు చెప్పకపోయినా అడగాలి. ఆయన వచ్చిన రోజు ఆయన్ని బయట నిలబెట్టి దాన్ని అడుగుతాను. వెళ్లను అంటే పంపను. ఆయనే కాదు, ఎవరొచ్చి తల కిందులుగా నిలబడినా పంపను. సరేనా?"

తాత చేతులు జోడించాడు. దబ్బనం ఇంకా చేతిలోనే ఉంది.

*

ఆ తర్వాత వరండాలో కథలు బందయ్యాయి. పిల్లలు వచ్చి అడిగితే, "మేఘాలు సమ్మె చేస్తున్నాయి, పొండి," అని తరిమేశాడు. దొరసానిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఒకటే మాట. వెళ్లను. పెంచకు, తుంచకు. ఏదీ?"

"వెళ్లను."

"పిల్లి పిల్లలా కాదు. మనిషిలా."

"వెళ్లను!"

"ఇంకా?"

నోరు తెరిచింది. కళ్లలో చేపలూ ఓడలూ మెరిశాయి. మూసేసింది.

"ఇంకేం లేదు," అంది.

"శెభాష్! పదితలల బాబాయి కూడా రాడు కదా?"

"రాడు. ఒక తలే."

పరుపు మీద కర్రతో కొట్టి దూది సమంగా సర్దుతుంటే, ఆమె రెండో వైపు గుడ్డ లాగి పట్టుకునేది. అతను దబ్బనం పైనుంచి దించితే కింద నుంచి అందుకుని, మళ్లీ పైకి పంపేది. ఆ మధ్యలోనే చెప్పింది, ఇక్కడే ఉంటే బడికి పంపుతారని ఆయా అందని. బడిలో రొయ్యలుండవట. బల్ల మీద కూర్చోవచ్చట.

"నువ్వు?" అని అడిగింది.

"నాకేం బడి? పరుపులైపోతే పోతాను."

ఆమె ఇంకా కుట్టాల్సిన పరుపుల వైపు చూసింది. ఎక్కువ లేవు. సాయంత్రం వార్డెనమ్మ వచ్చి చూస్తే, తాత కుట్టడం పూర్తయిన పరుపు ఒకటి మళ్లీ విప్పుతున్నాడు.

"అదేంటయ్యా?"

"మూల వంకర పోయిందమ్మా. మనసొప్పలేదు," అన్నాడు.

మూల చక్కగా ఉంది. దొరసాని ఆ మూలని అరచేత్తో మూసి, గోడ వైపు చూస్తూ కూర్చుంది.

*

బాబాయి పొద్దెక్కాక వ్యాన్‌లో వచ్చాడు. కూడా ఒక చిన్నపిల్లని తీసుకొచ్చాడు. నాలుగైదేళ్లుంటాయి. ఎర్రటి కొత్త చెప్పులు, అడుగు వేస్తే కీచుమనేవి. కాలికి కాస్త పెద్దవి. అడుగుకొక కీచు పెడుతూ వాకిలంతా తిరుగుతుంటే, పిల్లలందరూ వెనకాలపడ్డారు.

మాటకారి మనిషి. వాచ్‌మన్‌ని అన్నయ్యా అన్నాడు, వార్డెనమ్మని అక్కయ్యగారూ అన్నాడు, తాత దగ్గర చతికిలబడి పరుపు నొక్కి చూశాడు. "ఏం పనితనం తాతగారూ! మా ఇంటికీ ఒకటి కుట్టిపెట్టాలి. ఇద్దరాడపిల్లలూ దాని మీద దొర్లుతారు."

దొరసాని బయటికి వచ్చింది. ఆయా నీళ్లు రాసి జుట్టు అణచాలని చూసింది గానీ, అది మళ్లీ లేచి నిలబడింది.

"నా తల్లే! ఎంత ఎదిగావే!" బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. తాత తన జన్మలో అంత చక్కటి కన్నీళ్లు చూడలేదు. "ఇదిగో, చెల్లి. నువ్వెళ్లినప్పుడు ఉయ్యాల్లో ఉండేది. గుర్తుందా?"

చెల్లి కీచుకీచుమంటూ వచ్చి అక్క ముందు నిలబడింది. కాలు ముందుకి చాచి చూపించింది. "బాబాయి కొన్నాడు. నేను ఊరికెళ్తాను."

దొరసాని ఆ కాలి వైపు చూసింది. చాలాసేపు చూసింది. చెల్లి ఇంకో కాలు కూడా చూపించింది.

మేడమ్ అన్న మాట నిలబెట్టుకుంది. బాబాయిని వాకిట్లో కూర్చోబెట్టి, పిల్లని ఒక్కదాన్నే లోపలికి పిలిచి, తలుపు మూసింది. ముందు ఏ కాగితమూ పెట్టుకోలేదు. తాత కిటికీ కింద పని ఆపేసి విన్నాడు.

"చూడమ్మా, నన్ను చూసి చెప్పు. బాబాయితో వెళ్తావా? ఇష్టం లేదంటే ఇక్కడే ఉండొచ్చు. నిన్నెవరూ ఏమీ అనరు."

తాత పెదాలు కదిలాయి. వెళ్లను.

"వెళ్తాను," అంది దొరసాని.

"మరి మొన్న ఆయనే పంపాడన్నావు?"

"అది కథ. తాత నేర్పాడు."

"నిజంగా?"

"ఊఁ. బాబాయి మంచోడు. ఇంట్లో నాకు గిన్నె ఉంది. అంచు నొక్కుకుపోయి ఉంటుంది. దాంట్లో ఎవరూ తినరు. నాదని."

తడబాటు లేదు. పెంచి చెప్పడమూ లేదు. మాటలన్నీ వరసలో ఉన్నాయి. మేడమ్ తృప్తిగా ఊపిరి పీల్చుకోవడం బయటికి వినిపించింది. లేచి కిటికీలోంచి తొంగి చూసి, "చూశావా ముసలాయనా!" అన్నట్టు తాతకి వేలు చూపించి బెదిరించింది.

పిల్ల వరండాలోకి వచ్చింది. తాత దాని భుజాలు పట్టుకున్నాడు.

"ఎందుకలా చెప్పావే? ఎన్నిసార్లు చెప్పించాను? ఒక్క మాట, ఒక్క మాట కదే!"

ఆమె విడిపించుకుని చెల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఊడిపోతున్న చెప్పు పట్టీ సరిచేసింది. గోళ్లు లేని వేళ్లకి ఆ చిన్న బకిలు అందలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"తాతా, నాకూ కొన్నాడు," అంది తల ఎత్తకుండా. "ఇలాంటివే. ఓడకి ముందు."

తాత వంగి ఆ చెప్పుల వైపు చూశాడు.

"దీనికి రొయ్యి ఒలవడం రాదు," అంది. "నేను పక్కన ఉంటాను."

చెల్లి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిచింది. తాత తిరిగి చూసేసరికి బాబాయి అప్పగింత కాగితం మీద వేలిముద్ర వేసి బయటికి వచ్చేస్తున్నాడు. పరిగెత్తబోయి, పురికొస కాలికి చుట్టుకుని తూలి, గుమ్మం పట్టుకుని లోపలికి పడ్డాడు.

"అమ్మా, చెప్పులు! ఆ పసిదాని చెప్పులు చూడండి. పెద్దదాన్ని పంపే ముందు కూడా కొన్నాడట. ఇప్పుడు దాన్నీ..."

మేడమ్ సంచిలో కాగితాలు సర్దుకుంటోంది. విసుక్కోలేదు. అతని చేతికి మంచినీళ్ల గ్లాసు అందించింది కూడా.

"తాతా, పిల్లకి చెప్పులు కొనిపెట్టడం నేరమని ఏ పుస్తకంలో రాయను? నీకు ప్రేమ పెరిగిపోయింది, అంతే. పిల్ల తనంతట తానే వెళ్తానంది. నెల తిరిగేసరికి మనిషిని పంపి ఇల్లు చూసి రమ్మంటాను."

"నెలా?" అన్నాడు తాత.

బయట వ్యాన్ బయల్దేరింది. అతను గ్లాసు అక్కడే పెట్టి గేటు దాకా వెళ్లేసరికి అది రోడ్డెక్కింది. వెనక కిటికీలో పొట్టి జుట్టు తల కనిపించింది. చెల్లి కాళ్ల వైపు వంగి ఏదో చేస్తోంది. పక్కన చెల్లి గుక్కపెట్టి ఏడుస్తోంది. ముందు సీట్లో బాబాయి డ్రైవరుతో కబుర్లలో ఉన్నాడు.

కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఎర్రగా ఏదో రోడ్డు మీద పడి, ఒక్కసారి కీచుమని బోర్లా తిరిగింది.

"అరెరె, పాప చెప్పు పడిపోయింది!" వాచ్‌మన్ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

తాత అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఊదకు," అన్నాడు.

"కొత్తది తాతా!"

"నీకు దణ్ణం పెడతాను. ఊదకు."

వ్యాన్ సందు చివర మలుపు తిరుగుతుండగా రెండోది కూడా పడింది.